మూడు వారాలుగా మిమ్మల్ని నిద్రపోనివ్వని ఆ పది నిమిషాల గురించి

అమ్మా,

మీరు రాసింది రెండుసార్లు చదివాను. బన్నీ, పదకొండేళ్ళ లాబ్రడార్. రెండు నెలలుగా నీళ్ళు ఎక్కువ తాగుతుంటే ఎండాకాలం కదా అనుకున్నారు. తిండి మానేశాక పరీక్ష చేయిస్తే, కిడ్నీలు పాడైతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 9.8 వచ్చింది. అయిదు రోజులు సెలైన్ పెట్టించినా తగ్గలేదు. నోట్లో పుండ్లు, ఆగని వాంతులు. ఆరో రోజు డాక్టరు చెబితే, బాధ లేకుండా ప్రాణం పోయేలా ఇచ్చే ఇంజెక్షన్‌కు ఒప్పుకున్నారు. మూడు వారాలైంది. "నన్ను నమ్మి కారెక్కాడు, తోక కూడా ఊపాడు. చేతులారా చంపుకున్నాను. చివర్లో నా వైపే చూశాడు. కళ్ళు మూయలేదు, గట్టిగా ఊపిరి తీశాడు, ఎంత బాధపడ్డాడో. ఆ మూగజీవి ఉసురు మా ఇంటికి తగులుతుందేమో" అని రాశారు. కుక్క కోసం ఇంత ఏడుపా అని అత్తగారు అంటున్నారనీ, ఎనిమిదేళ్ళ బాబుకు బన్నీని ఊళ్ళో పొలం దగ్గర వదిలామని చెప్పామనీ కూడా రాశారు.

నేను పశువైద్యుణ్ణి. ముప్పై ఏళ్ళకు పైగా ఈ పనిలో ఉన్నాను. సగం కాలం గోదావరి పల్లెల్లో ఆవులూ గేదెల మధ్య, మిగతా సగం పట్నంలో కుక్కలూ పిల్లుల మధ్య గడిచింది. మీరు చెప్పిన ఆ ఇంజెక్షన్ నా చేత్తో చాలాసార్లు ఇచ్చాను. అందుకని ముందు ఆ పది నిమిషాల్లో బన్నీ ఒంట్లో ఏం జరిగిందో చెప్తాను. మీ బాధలో చాలా భాగం అది తెలియకపోవడం వల్ల వచ్చిందే.

మామూలుగా ముందు ఒక మత్తు ఇంజెక్షన్ ఇస్తాం. మొదటి ఇంజెక్షన్ పడిన కాసేపటికే తల మీ చేతి మీద వాల్చేశాడని మీరే రాశారు. బన్నీకి తెలిసిన ఆఖరి సంగతి అదే, వాడి తల కింద మీ చెయ్యి ఉండటం. ఆ తర్వాత నరంలోకి ఇచ్చేది బార్బిట్యురేట్ జాతి మందు. మన దగ్గర ఎక్కువగా వాడేది థయోపెంటోన్. ఆపరేషన్ ముందు మనుషులకు మత్తు ఇవ్వడానికి దశాబ్దాలుగా వాడిన మందే అది, ఇక్కడ మోతాదు చాలా ఎక్కువ ఉంటుంది. అది ముందుగా ఆపేది మెదడు పై పొరని. నొప్పి, భయం, ఎవరు పక్కన ఉన్నారు అన్నది తెలిసేది అక్కడే. కొన్ని సెకన్లలో ఆ తెలివి పోతుంది. ఊపిరి ఆ తర్వాత ఆగుతుంది, గుండె అన్నిటికంటే చివర. ఈ వరస గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే మీరు చూసి భయపడినవన్నీ తెలివి పోయిన తర్వాత జరిగినవే.

ఆ గట్టి ఊపిరి ఎగశ్వాస. ఊపిరిని నడిపే భాగం మెదడు అడుగున ఉంటుంది. పైన అంతా ఆగిపోయాక కూడా అది ఒకటి రెండుసార్లు కదులుతుంది. పక్కనున్నవాళ్ళకు ప్రాణం కోసం కొట్టుకుంటున్నట్టు కనిపిస్తుంది. కానీ ఆ క్షణానికి లోపల ఆ బాధ తెలిసే బన్నీ లేడు. ఒళ్ళు అక్కడక్కడా అదరడం, మూత్రం పోవడం కూడా అంతే. ఇక కళ్ళు. రెప్ప మూయాలంటే కండరం పనిచేయాలి. ప్రాణం పోయాక ఆ కండరాన్ని కదిలించే శక్తి ఉండదు కాబట్టి కుక్కల కళ్ళు తెరుచుకునే ఉంటాయి. మన ఇళ్ళల్లో మనిషి పోయినప్పుడు కూడా ఎవరో ఒకరు చేత్తో రెప్పలు మూస్తారు కదా, ఇదీ అదే.

ఇవన్నీ ఇంజెక్షన్ ఇవ్వకముందే డాక్టర్లం కూర్చోబెట్టి చెప్పాలి. నేను మొదటి పదేళ్ళు చెప్పలేదు. ఏడుస్తున్నవాళ్ళకు ఈ వివరాలెందుకులే అనుకునేవాణ్ణి. ఒకాయన ఏడాది తర్వాత తిరిగొచ్చి "ఆ రోజు మా స్నూపీ ఊపిరాడక పోయిందా డాక్టరుగారూ" అని అడిగాడు. ఏడాది పాటు ఆ ప్రశ్న మోశాడు. అప్పటి నుంచి ఎవరికైనా ముందే చెప్తున్నాను.

మీ వైపు చూశాడన్నారు. ఆ చూపులో "ఎందుకిలా చేశావు" అన్న ప్రశ్న ఉందని మీ మనసు చెబుతోంది. నేను చూసినది వేరు. క్లినిక్‌లో ఇంటివాళ్ళు బయటకు వెళ్ళిపోతే కుక్క తలుపు వైపు చూస్తూ ఉంటుంది, వణుకుతుంది, దిక్కులు చూస్తుంది. ఇంటివాళ్ళు పక్కనుంటే వాళ్ళ మొహం వెతుక్కుని అక్కడే చూపు నిలుపుతుంది, ఒళ్ళు వదులవుతుంది. 2015లో జపాన్ శాస్త్రవేత్తలు ఒక సంగతి కొలిచి చూపించారు. కుక్కా, దాన్ని పెంచినవాళ్ళూ కళ్ళలోకి కళ్ళు పెట్టి చూసుకున్నప్పుడు ఆక్సిటోసిన్ పెరుగుతుందని. పసిబిడ్డకూ తల్లికీ మధ్య అనుబంధంలో పనిచేసే హార్మోన్ అది. రేపు, చావు, మోసం అన్న ఆలోచనలు కుక్కకు ఉండవు. దానికి ఉన్నది ఇప్పుడు ఒంట్లో ఉన్న బాధ, ఇప్పుడు పక్కనున్న మనిషి. మీరు ఆ గదిలోంచి వెళ్ళిపోలేదు. చాలామంది వెళ్ళిపోతారు, వాళ్ళనీ తప్పుపట్టను, అందరి గుండె ఒకేలా ఉండదు. కానీ మీరు ఉన్నారు. వాడు చూసినప్పుడు వాడికి మీరు కనిపించారు.

ఇప్పుడు ఆ నీళ్ళ సంగతి. ఇక్కడ మిమ్మల్ని ఊరుకోబెట్టడానికి అబద్ధం చెప్పను. ఎక్కువ నీళ్ళు తాగడం, ఎక్కువ మూత్రం పోయడం కిడ్నీ జబ్బుకు గుర్తే. కానీ కిడ్నీ ఎలాంటి అవయవమంటే, దాదాపు మూడింట రెండొంతులు పాడైతే గానీ దాహం పెరగదు. నాలుగింట మూడొంతులు పోతే గానీ రక్తంలో క్రియాటినిన్ పెరగడం మొదలుకాదు. అంటే మీరు మొదటిసారి గిన్నె ఖాళీ అవ్వడం గమనించిన రోజుకే జబ్బు చాలా దూరం వచ్చేసింది. ఆ రోజే తీసుకెళ్తే ప్రత్యేకమైన తిండి, మందులు, సెలైన్‌తో ఇంకొంత కాలం దొరికేదేమో. దొరికినా పోయిన కిడ్నీ తిరిగి వచ్చేది కాదు. మే నెల ఎండల్లో లాబ్రడార్ ఎక్కువ నీళ్ళు తాగితే ఎండకే అనుకోవడం నిర్లక్ష్యం కాదమ్మా. నలభై డిగ్రీల్లో కుక్క నీళ్ళు తాగకపోతేనే నేను కంగారుపడతాను.

డయాలసిస్ చేయించి ఉండాల్సిందేమో, డబ్బు చూసుకున్నామేమో అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. ఆ వాక్యమే మిమ్మల్ని ఎక్కువ కాలుస్తోందని నాకు అనిపించింది. పాము కాటో, విషమో, ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్సో తగిలి ఉన్నట్టుండి కిడ్నీ దెబ్బతింటే, కోలుకునేదాకా ఒంటిని నిలబెట్టడానికి డయాలసిస్ ఉపయోగపడుతుంది. ఏళ్ళ తరబడి మెల్లగా అరిగిపోయిన కిడ్నీలో కోలుకోవడానికి మిగిలేది తక్కువ. కుక్కల్లో క్రియాటినిన్ 5 దాటితేనే జబ్బు ఆఖరి దశ అంటాం. బన్నీకి అయిదు రోజుల సెలైన్ తర్వాత కూడా 9 పైన ఉంది. అప్పు చేసి పెద్ద ఊరికి తీసుకెళ్ళినా, వాడికి దొరికేది ప్రయాణాలూ సూదులూ బోనులూ, బహుశా కొన్ని రోజులు. మీ ఇంటి పరిస్థితి చూసుకుని ఆగడం ప్రేమ తక్కువై కాదు.

"ఇంకో వారం ఆగి ఉంటే" అన్నదానికి మా ఇంటి సంగతి చెప్తాను. మా ఇంట్లో జూలీ అని పామేరియన్ ఉండేది. పధ్నాలుగేళ్ళు. గుండె జబ్బు. ఊపిరితిత్తుల్లో నీరు చేరేది, పడుకుంటే ఊపిరి ఆడక రాత్రంతా కూర్చునే ఉండేది. అప్పటికి ఎన్నో ఇళ్ళవాళ్ళకు "ఇక చాలండి, దాన్ని వదిలేయండి" అని చెప్పినవాణ్ణి. నా జూలీ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి రాలేదు. రేపు చూద్దాం, మందు మోతాదు పెంచి చూద్దాం అని ఎనిమిది రోజులు గడిపాను. తొమ్మిదో రోజు తెల్లవారుజామున, నేను స్నానాల గదిలో ఉండగా, అది ఒక్కతే ఊపిరికి కొట్టుకుంటూ పోయింది. నా భార్య చూసింది. ఆ ఎనిమిది రోజులు జూలీ కోసం కాదు, నా కోసం ఉంచుకున్నాను. పదహారేళ్ళయింది, ఇప్పటికీ ఆ రోజులు నాకు బరువే. మీకు వచ్చిన ప్రశ్న "తొందరపడ్డానా" అని, నాది "ఆలస్యం చేశానా" అని. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఈ రెండింటిలో ఏదో ఒకటి అడగనివాళ్ళు చాలా తక్కువ. ఏ రోజు ఎంచుకున్నా అది సరిగ్గా సరైన రోజని అనిపించదు. కానీ ఇన్నేళ్ళలో తొందరపడి తెచ్చినవాళ్ళ కంటే ఆలస్యంగా తెచ్చినవాళ్ళనే నేను ఎక్కువగా చూశాను. కిడ్నీలు పనిచేయక వ్యర్థాలు రక్తంలోనే ఉండిపోయే యురీమియాలో ఆగిన ఇంకో వారం అంటే ఏమిటో తెలిసినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను. రక్తంలో విషం పెరిగి, నోరంతా పుండ్లై, కడుపులో తిప్పుతూ, చివరికి ఫిట్స్. బన్నీ ఆ వారం చూడలేదు.

ఒక పని చేయండి. మీ వారితో కలిసి కూర్చుని, ఒక నోటు పుస్తకంలో బన్నీ ఆఖరి పన్నెండు రోజులు రాయండి. ఏ రోజు ఏం తిన్నాడు, ఎన్నిసార్లు వాంతి చేసుకున్నాడు, లేచి గేటు దాకా వెళ్ళాడా, పెరుగన్నం పెడితే మూతి తిప్పుకున్నది ఏ రోజు నుంచి. అమెరికాలో ఆలిస్ విల్లలోబోస్ అనే పశువైద్యురాలు 2004లో ఒక కొలత తయారుచేశారు. నొప్పి, ఆకలి, నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువ ఉన్నాయా అన్నది, ఈ ఏడింటికీ సున్నా నుంచి పది దాకా మార్కులు వేస్తారు. మొత్తం 35 దాటితే ఇంకొంత కాలం సాకవచ్చని లెక్క. నేను ఇప్పటికీ ఇదే వాడతాను. బన్నీ ఆఖరి మూడు రోజులకు మార్కులు వేసి చూడండి. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మీరు రాత్రి పూట తలుచుకుంటున్నది బంతి కోసం పరిగెత్తే బన్నీని. "వాణ్ణి చంపేశాను" అంటున్నారు. ఆ రోజు బల్ల మీద పడుకున్నది ఆ బన్నీ కాదు. కాగితం మీద రాస్తే ఇద్దరికీ తేడా తెలుస్తుంది. రాసేటప్పుడు ఏడుపు వస్తుంది, రానివ్వండి.

తోక ఊపి కారెక్కాడన్నారు. అంతకుముందు అయిదు రోజులూ అదే కారు ఎక్కాడు, మీరు పక్కన కూర్చుంటే ఊపాడు. బాగున్నాడనడానికి అది గుర్తు కాదు. లేవలేని స్థితిలో కూడా ఇంటివాళ్ళ గొంతు వింటే తోక కొస ఆడించే కుక్కలను ఎన్నిటినో చూశాను. కుక్క జాతి అంత.

ఇక ఉసురు. ఈ మాట నన్ను చాలామంది అడిగారు, ముఖ్యంగా పల్లెల్లో. నేను వాళ్ళకు చెప్పింది మీకూ చెప్తాను. 1928లో సాబర్మతి ఆశ్రమంలో ఒక దూడ నయం కాని జబ్బుతో పక్కకు కూడా తిరగలేక పడి ఉంది. వైద్యులు ఆశ వదులుకున్నారు. గాంధీజీ ఆశ్రమం వాళ్ళతో చర్చించి, తన ఎదుటే ఒక డాక్టరు చేత దానికి ఇంజెక్షన్ ఇప్పించారు. అహింస అని జీవితమంతా చెప్పిన మనిషి. ఎన్నో ఉత్తరాలు వచ్చాయి, తిట్టారు, ఆయన వాటికి తన పత్రికలో జవాబు రాశారు. తన స్వార్థం కోసం ఒక జీవిని బాధపెడితే హింస, ఆ జీవి బాధ తీర్చే దారి ఇంకేదీ లేనప్పుడు దాని కోసమే చేసింది హింస కాదన్నది ఆయన వాదన. అందరూ ఒప్పుకోలేదు, మీరూ ఒప్పుకోనక్కరలేదు. కానీ ఈ దేశంలో, మన ధర్మాన్ని ఎంతో పట్టించుకున్న ఒక మనిషి, మీరు నిలబడిన చోటే నిలబడ్డాడు. ఉసురు అంటే బాధపెట్టినవాళ్ళకు తగిలేది అనే కదా మన పెద్దలు చెప్పింది. పదకొండేళ్ళు వాడికి అన్నం పెట్టి, ఆరు రాత్రులు వాడి పక్కన నేల మీద పడుకున్న మీకు ఏ ఉసురు తగులుతుందమ్మా?

అత్తగారి మీద కోపం పెట్టుకోకండి. ఆవిడది రైతు కుటుంబమని రాశారు కాబట్టి ఒకసారి అడిగి చూడండి, వాళ్ళ ఇంట్లో ఎద్దు పోయినప్పుడు ఏం జరిగిందో. కనుమ నాడు పశువులకు బొట్టు పెట్టి దండం పెట్టే ఇళ్ళు మనవి. కాలు విరిగిన ఎద్దుకు నేను ఇంజెక్షన్ ఇచ్చి వెళ్ళిపోయాక, ఆ ఇంటి ముసలాయన రెండు రోజులు అన్నం ముట్టలేదని మా కాంపౌండరు చెప్పాడు. ఆ తరం వాళ్ళకు ఈ దుఃఖం తెలుసు. ఇంట్లో, మంచం పక్కన తిరిగే కుక్క కోసం కూడా అదే దుఃఖం వస్తుందన్నదే వాళ్ళకు అలవాటు లేదు. మనిషి పోతే పది రోజులు పరామర్శకు వస్తారు, కుక్క పోతే రెండో రోజు మామూలుగా ఉండమంటారు. ఇలా నలుగురూ గుర్తించని దుఃఖానికి మనస్తత్వవేత్తలు వేరే పేరే పెట్టారు. కెనెత్ డోకా అనే ఆయన 1989లోనే దీని గురించి రాశారు. గుర్తింపు దొరకని దుఃఖం లోపలే ఉండిపోయి, తప్పు చేశానన్న భావంగా మారడం నేను చాలా ఇళ్ళలో చూశాను. అందుకే బన్నీ గురించి వినేవాళ్ళు ఒక్కరైనా ఉండాలి. మీ వారు మాట్లాడటం లేదంటే ఆయనకు బాధ లేదని కాదు. కారు నడిపింది ఆయనే కదా. ఒకసారి ఆయన్ని అడగండి.

అన్నిటికంటే తొందరగా చేయాల్సింది బాబు విషయం. పొలంలో ఉన్నాడన్న అబద్ధం ఎక్కువ రోజులు నిలవదు. వచ్చే సెలవులకు ఊరు వెళ్దాం, బన్నీని చూద్దాం అంటాడు. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి చావు అంటే తిరిగి రాకపోవడమని అర్థమవుతుంది. "నిద్రపుచ్చారు" అనకండి. పిల్లలు నిద్రంటేనే భయపడతారు. "చనిపోయాడు" అనే చెప్పండి. బన్నీ కిడ్నీలు పాడైపోయాయి, బాగుచేసే మందు లేదు, చాలా బాధపడ్డాడు, బాధ లేకుండా చనిపోయేలా డాక్టరు మందిచ్చారు, అమ్మ పక్కనే ఉంది అని. ఇది జ్వరానికి వేసే ఇంజెక్షన్ కాదు, వేరే మందు అని తప్పకుండా చెప్పండి, లేకపోతే రేపు వాడికి సూది అంటే వణుకు. "ముందు అబద్ధం చెప్పాం, నువ్వు ఏడుస్తావని భయపడ్డాం, సారీ" అనండి. వాడు కోప్పడితే కోప్పడనివ్వండి. వాడు అడిగినదానికే జవాబు చెప్పండి, అడగనివన్నీ ఒకేసారి చెప్పొద్దు. తర్వాత వాడితో కలిసి ఏదైనా చేయండి. బొమ్మ గీయనివ్వండి, పెరట్లో మొక్క నాటించండి. మీరు బన్నీని పాతిపెట్టిన చోటు వాడు చూడాలంటే తీసుకెళ్ళండి.

గిన్నె, బెల్టు తీసేయాలా ఉంచాలా అని అడిగారు. దానికి నియమం లేదు. మీకు చెయ్యి ఎప్పుడు వస్తే అప్పుడు. పొద్దున్నే అయిదున్నరకు వాడితో నడిచే అలవాటు మాత్రం మానకండి, ఆ వేళకు మంచం మీద ఉంటేనే ఆలోచనలు కమ్ముకుంటాయి. మిగిలిన సెలైన్ సీసాలు, మందులు మీ డాక్టరుకు ఇచ్చేయండి, ఇంకో కుక్కకు పనికొస్తాయి. కొత్త కుక్కపిల్లను ఇప్పుడే తేవద్దు. బాబు ఏడుపు ఆపడానికని అస్సలు వద్దు. ఒకటి పోతే ఇంకొకటి తెచ్చుకోవచ్చని వాడికి నేర్పినట్టవుతుంది, వచ్చే పిల్ల కూడా రోజూ బన్నీతో పోలికలో ఓడిపోతుంది.

నిద్ర మూడు వారాలుగా సరిగ్గా లేదన్నారు. దుఃఖం అలలు అలలుగా వస్తుంది, నెలల తర్వాత కూడా ఉన్నట్టుండి వస్తుంది, దానికి కంగారు పడొద్దు. కానీ ఇంకో రెండు మూడు వారాలకూ తిండి, నిద్ర దారికి రాకపోతే, లేదా బతకాలని లేదు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆగకుండా 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపే ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు, రాత్రి పూట కూడా. కుక్క కోసం ఫోన్ చేశానంటే నవ్వుతారేమో అనుకోకండి.

ఈ ఆదివారం బాబుతో మాట్లాడండి. వాడు ఏమన్నాడో, మీరు ఎలా ఉన్నారో నాకు రాయండి. బన్నీ ఆ పన్నెండు రోజుల లెక్కలో అర్థం కానిది ఏదైనా ఉంటే అదీ పంపండి, రిపోర్టులతో కలిపి చూసి చెప్తాను.